ఫ్రెంచి క్రియాప్రత్యయముల పూర్వకథ

ఫ్రెంచిభాష నేర్చుకొనఁబూనిన వారిని మొదట భయపెట్టునవి క్రియారూపములు. ఒక్కొక్క కాలమున నొక్కొక్క క్రియకు ఆఱేసి రూపములు, కాలములో, పెక్కులు. వీనినెల్లఁ బట్టికలుగా వ్రాసికొని వల్లెవేయుట చిరకాలపు ఆచారము. ధాతువును, ప్రత్యయమును వేఱుచేసి చూచినచో ఆ భారము కొంత తగ్గును. ప్రత్యయ మెక్కడనుండి వచ్చినదో తెలిసినచో మఱింత తగ్గును. భవిష్యత్కాలము దీనికి మంచి నిదర్శనము.

'పాడుట' కు ఫ్రెంచివారు 'శాఁతే' అందురు. 'పాడుదును' అనుటకు 'శాఁత్రే', 'పాడుదువు' అనుటకు 'శాఁత్రా', 'పాడుదుము' అనుటకు 'శాఁత్రోఁ' అందురు. 'శాఁతే' చివర వ్రాఁతలోనుండియుఁ బలుకఁబడని రేఫము భవిష్యత్తులో మరల వినవచ్చును. దానిపై ఏ, ఆ, ఆ, ఓఁ, ఏ, ఓఁ అను ఆఱు ప్రత్యయములు చేరును. ఇవి యొకప్పుడు ప్రత్యయములు కావు. 'కలిగియుండుట' యను నర్థముగల 'అవ్వార్' క్రియయొక్క వర్తమానరూపములే యివి. బహువచనమున 'అవోఁ', 'అవే' అనువానికి మాత్రము మొదటిభాగము లోపించినది.

ఇట్లేల జరిగెను? ప్రాచీన లాటినులో 'కంతాబిత్' అనఁగా 'పాడఁగలఁడు'. 'కంతావిత్' అనఁగా 'పాడెను'. కాలక్రమమున జనుల నోట ఆ బకార వకారములు కలిసిపోయెను. పాడినవాఁడెవఁడో, పాడనున్నవాఁడెవఁడో చెవికిఁ దెలియకపోయెను. పాతరూపము నశించుటకు ఇది యొక కారణము. దానికి బదులుగా జనులు 'కంతారే హబెత్' అనసాగిరి. 'వానికిఁ బాడవలసి యున్నది' అని దాని భావము. చేయవలసినది చేయఁబోవునదియే గనుక, విధిని దెలుపు మాట భవిష్యత్తును దెలుపుటకుఁ జెల్లెను. పిమ్మట రెండు పదములును అతుకుకొని యేకపదమయ్యెను.

ఈ క్రొత్తరూపము 7వ శతాబ్దపు వ్రాఁతలోనే కానవచ్చుచున్నది. ఫ్రెదెగారు పేరఁ బరగుచున్న చరిత్రగ్రంథమున నొక కథ కలదు. జస్టీనియను చక్రవర్తి ఓడిన పారసీకరాజును కొన్ని సీమలిమ్మని యడుగఁగా, అతఁడు 'ఇయ్యను' అనెనఁట. చక్రవర్తి 'దరాస్' అనెనఁట, అనఁగా 'ఇచ్చెదవు'. ఆ పలుకువలననే దారా నగరమునకు ఆ పేరు వచ్చెనని గ్రంథకర్త చెప్పెను. ఆ నగరమును జస్టీనియనుకంటె ముందే అనస్తాసియసు చక్రవర్తి కట్టించెను గనుక కథ నమ్మఁదగినది కాదు. కాని రాజు నోటఁ బాత లాటిను రూపమును, చక్రవర్తి నోటఁ గ్రొత్తరూపమును నుంచిన ఆ వ్రాఁత మాత్రము భాషాచరిత్రమునకు విలువైన సాక్ష్యము.

842వ సంవత్సరమున స్ట్రాస్‌బూర్గులో లూయీ, చార్లెసు అను సోదరులు తమ యన్నయగు లొతేరునకుఁ బ్రతికూలముగా ఒండొరులకు సాయపడుదుమని ప్రమాణము చేసిరి. చార్లెసు సైనికులకుఁ దెలియుటకై లూయీ లాటినును విడిచి వారి వాడుకభాషలోనే పలికెను. 'రక్షింతును' అనుటకు ఆ ప్రమాణమున నున్న పదము 'సల్వరై'. పామరులు కల్పించిన రూపమే రాజు చేసిన బాసకు ఆధారమయ్యెను.

వ్యాకరణములు అపవాదములని చూపు రూపములకును పెక్కింటికిఁ గారణము కలదు. 'వెనీర్' అనఁగా 'వచ్చుట'. భవిష్యత్తున నడిమి అచ్చు జాఱిపోయి నకార రేఫములు కలిసికొనెను. వానిని వెంటవెంటఁ బలుకుట కష్టమగుటచే నడుమ దకారము పుట్టెను. నేఁటి 'వియాఁద్రే' యందలి దకారమిదియే.

తెలుఁగువారికి ఈ మార్గము క్రొత్తది కాదు. 'రా' అనుదానికిఁ 'గలఁడు' చేర్చి 'రాఁగలఁడు' అని మనము భవిష్యత్తును జెప్పుచునే యున్నాము. కావున ఫ్రెంచి నేర్చువారు ముందుగా 'అవ్వార్' క్రియ వర్తమానమును జక్కఁగ వల్లెవేయవలెను. అది వచ్చినచో ఆ భాషయందలి భవిష్యత్కాల ప్రత్యయములన్నియు వచ్చినట్లే.