బజారులో పుట్టిన చందా



ఈ మధ్య ఒక సహోదరి మాకు ఉత్తరం రాశారు. వారి సంఘములో ఏటేటా కోతపండుగ నాడు గుడి ఆవరణలో స్త్రీల సమాజము వారు అంగళ్లు పెడతారట. గారెలు, పచ్చళ్లు, చేత్తో కుట్టిన దిండు గలీబులు అమ్ముతారు. మధ్యాహ్నం కోళ్లు, గుమ్మడికాయలు, బియ్యం మూటలు వేలం వేస్తారు. వచ్చిన డబ్బు బీదపిల్లల ఫీజులకు పోతుంది. "అయ్యగారూ, ప్రభువు కొరడా పట్టి దేవాలయములో నుండి వ్యాపారులను తోలివేశాడు గదా, మరి మనము గుడి ముందర బజారు పెట్టవచ్చునా?" ఇది ఆమె ప్రశ్న.

ఒక్క వచనం చూపించి అవుననో కాదనో చెప్పడం సులువే. కాని బజారుకూ ధర్మానికీ ఉన్న సంబంధం మీద మన హైదరాబాదులోనే పెద్ద చరిత్ర ఉన్నది. అది తెలుసుకొని జవాబు చెప్పుకుంటే మంచిదని నా అభిప్రాయం. కొంచెంసేపు నాతో పాతబస్తీకి రండి.

రంజాన్ నెల రాత్రివేళ చార్మినార్ దగ్గర నిలబడ్డారా ఎప్పుడైనా? 1591లో కట్టిన ఆ కట్టడం చుట్టూ తెల్లవారుజాము దాకా దుకాణాలు మూయరు. ఒక పక్క లాడ్ బజారు గాజులు, ఇంకొక పక్క పత్తర్‌గట్టి బట్టల కొట్లు, మధ్యలో హలీం బట్టీలు, ఖర్జూరాల బండ్లు. బేరాల గోలలో మనిషి మాట మనిషికి వినబడదు. మనవాళ్లు కూడా అక్కడికి పోయి చీరలు కొనుక్కుంటారు, హలీం తింటారు, వచ్చేస్తారు. ఆ బజారులో ఆ నెలలోనే జరిగే ఇంకొక పని మాత్రం మన కంటికి కనబడదు. చాలామంది వర్తకులు తమ సంవత్సరపు లెక్క ఆ నెలలోనే చూసుకుంటారు. ఏడాదిపాటు తమ దగ్గర నిలిచిన సొమ్ములోను, సరుకు విలువలోను నూటికి రెండున్నర వంతు జకాత్ కింద తీసి బీదలకు ఇస్తారు. పండుగ రోజున మరొకటి ఉన్నది, ఫిత్రా. ఇంట్లో తలకు ఇంత అని ధాన్యమో దాని వెలో పండుగ నమాజుకు ముందే బీదవాని చేతికి చేరాలి. నమాజు అయిన తరువాత ఇస్తే అది ఫిత్రా లెక్కలోకి రాదంటారు. ఈ "ముందే" అన్న మాటను గుర్తుపెట్టుకోండి, దానితో మనకు పని ఉన్నది.

అక్కడి నుండి మూసీ వైపు నడిస్తే మదీనా చౌరస్తా. ఆ చౌరస్తాకు పేరు వచ్చింది మదీనా బిల్డింగ్ వలన. 1947లో లేచిన ఈ భవనము అల్లాదీన్ వారి వక్ఫ్ ఆస్తి. వక్ఫ్ అంటే దేవుని పేరట శాశ్వతంగా విడిచిపెట్టినది, దాన్ని అమ్మకూడదు. దుకాణాల మీద, ఇళ్ల మీద వచ్చే అద్దెలను అరేబియాలోని మదీనా నగరములోని బీదలకు పంపాలని దాన్ని కట్టించారు. ఆశ్చర్యముగా లేదా? నేడు హైదరాబాదు బిడ్డలు సౌదీకి వెళ్లి కూలి చేసి ఇంటికి డబ్బు పంపుతున్నారు. ఆనాడు హైదరాబాదు దుకాణాల అద్దె ఆ దేశపు బీదల కొరకు సముద్రము దాటింది. అక్కడ 1938లో నూనె దొరికినా, దాని ఐశ్వర్యము సామాన్యుని ఇంటికి చేరడానికి ఇంకా ఎన్నో ఏండ్లు పట్టింది.

వాక్యము చదివే వారికి ఈ కథ వినగానే ఒకటి జ్ఞాపకం రావాలి. దూర దేశపు వర్తక పట్టణములో విశ్వాసులు కూడబెట్టిన సొమ్ము, తమ విశ్వాసము పుట్టిన నగరములోని బీదలకు పంపబడుట. అపొస్తలుడైన పౌలు చేసినది అచ్చముగా ఇదే గదా! మొదటి కొరింథీ పత్రిక 16వ అధ్యాయము, రెండవ కొరింథీ పత్రిక 8, 9 అధ్యాయములు తీసి చూడండి. కొరింథు రెండు రేవుల నడుమ ఉన్న బజారు పట్టణము. దాని దగ్గరనే రెండేండ్లకొకసారి ఇస్త్మియా ఆటల పండుగ జరిగేది, లోకమంతా అక్కడికి వచ్చేది. పౌలు ఆ ఊరిలో డేరాలు కుట్టుకొని బ్రతికాడు. అంగడి సంగతి ఆయనకు మనకంటె బాగా తెలుసు. అటువంటి ఊరి సంఘమును యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు డబ్బు అడిగాడు.

మన తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ వాడిన మాట "చందా". పారసీ నుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట, పాతబస్తీ దుకాణాల ముందర నేటికీ వినబడే మాట. కానుక అనో ధర్మము అనో రాయవచ్చు, వారు బజారు మాటే రాశారు. నాకైతే అది చాలా ఇష్టము.

ఇప్పుడు నయాపూల్ మీదుగా మూసీ దాటుదాము. ఇప్పుడు చూస్తే నది అనబుద్ధి కాదు గాని, 1908 సెప్టెంబరు 28న ఇదే మూసీ పొంగి సుమారు 15,000 మందిని మింగింది. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తరువాతనే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, పత్తర్‌గట్టి రాతి కమానుల దుకాణాల వరస వంటివి కట్టించింది. ఆఫ్జల్‌గంజ్ దాటి, 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్ దాటితే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానము. మన నుమాయిష్ అక్కడే.

నుమాయిష్ అంటే మీకు మిర్చి బజ్జీలు, జెయింట్ వీలు, కాశ్మీరు శాలువలు గుర్తుకు రావచ్చు. తప్పు లేదు, నాకూ ముందు బజ్జీలే గుర్తొస్తాయి. కాని దాని పుట్టుక వేరు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయము పట్టభద్రుల సంఘము వారు సంస్థానపు ఆర్థిక పరిస్థితిని సర్వే చేయాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. మొదటి పెట్టుబడి రెండున్నర రూపాయలని చెప్పుకుంటారు. ఇంటింటికీ చందాకు పోవడానికి బదులు, మన ప్రాంతములో తయారైన వస్తువులను ఒకచోట పెట్టి జనాన్ని పిలుద్దాము, ప్రవేశ రుసుము, స్టాళ్ల అద్దె వస్తాయి అనుకున్నారు. పబ్లిక్ గార్డెన్స్‌లో సుమారు 50 స్టాళ్లతో పది రోజులు జరిగింది. 1946లో నాంపల్లికి మారింది. 1947, 1948 సంవత్సరాల కల్లోలములో ఆగిపోయి, 1949లో మళ్లీ మొదలైంది. గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి గారు వచ్చి ప్రారంభించారు. ఆ తరువాత జనవరి 1 నుండి ఫిబ్రవరి మధ్య దాకా ఆరు వారాలు జరగడం వాడుకైంది. 2019 జనవరి 30న అగ్ని ప్రమాదములో వందల స్టాళ్లు కాలిపోయాయి. దూరము నుండి వచ్చిన చిరువ్యాపారులు ఏడాది పెట్టుబడి ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నారు. 2021లో కరోనా వలన అసలు జరగనే లేదు.

దాని రాబడి ఎక్కడికి పోయింది? ఎక్కువగా చదువులకు, అందులోనూ ఆడపిల్లల చదువులకు. ఆ మైదానములోనే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఉన్నవి. మారేడ్‌పల్లిలో కస్తూర్బా గాంధీ మహిళా కళాశాల. ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే సంస్థలు పదిహేనుకు పైగా ఉన్నవి. టికెట్టు కొని లోపలికి పోయినవాడు తాను ధర్మము చేస్తున్నానని అనుకోలేదు. పిల్లలను రంగులరాట్నం ఎక్కించడానికి పోయాడు. అయినా ఆ రూపాయి ఒక ఆడపిల్ల ముందర పుస్తకమై తెరుచుకుంది.

ఇక సహోదరి అడిగిన దేవాలయపు సంగతి. ప్రభువు కోపము అమ్మడం మీదనా, కొనడం మీదనా? యోహాను సువార్త 2వ అధ్యాయములో ఆయన పావురములు అమ్మేవారితో ప్రత్యేకముగా మాట్లాడాడు. పావురము ఎవరి అర్పణ? గొర్రెపిల్లను కొనలేని బీదవారిది. ఆయనను దేవాలయమునకు తెచ్చిన రోజున మరియ, యోసేపులు తెచ్చినది పక్షులనే. ఆ బజారు బీదవాని వైపు పోలేదు, బీదవాని నుండి లాగుకున్నది. దానికితోడు అన్యజనులు ప్రార్థన చేసుకొనే స్థలమును అది ఆక్రమించింది. గుడి ముందర అంగడి పెట్టేవారు తమను తాము అడగవలసిన ప్రశ్న అదే: సొమ్ము ఏ వైపు పారుతున్నది?

ఈ ప్రశ్నకు నేనే ఒకసారి తప్పు జవాబు ఇచ్చాను, దాచుకోను. సెమినరీ ముగించి పరిచర్యలోకి వచ్చిన తొలి రోజులవి. మా కోతపండుగ వేలము ఘనముగా జరిగింది. ఒక ముసలమ్మ పెంచి తెచ్చిన కోడిపుంజు మీద ఇద్దరు పెద్దలు పంతము పట్టారు. రెండు వేలకు పాట ఆగింది. చప్పట్లు కొట్టాము. కొన్నవారి పేరు మైకులో మూడుసార్లు చెప్పాను, ముసలమ్మ పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు. సాయంత్రం మొత్తం ఎంత వచ్చిందో వేదిక మీద నుండి ప్రకటించి, ఒక తల్లికి మీ అమ్మాయి పరీక్ష ఫీజు మేము కడతామని మాట ఇచ్చాను.

మరుసటి వారము కోశాధికారి పుస్తకము తెచ్చి చూపించాడు. పాట పాడినవారిలో సగము మంది పైకము కట్టలేదు. కోడిని తీసుకుపోయారు, వండుకున్నారు, బాకీ మిగిలింది. పెద్దలను ఎవరు అడగాలి? నేను అడగలేదు. భయపడ్డాను. ఫీజు గడువు దాటిపోయింది. ఆ తల్లి చెవి కమ్మలు కుదువ పెట్టి, జరిమానాతో కలిపి కట్టుకున్నది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆదివారము ఆమె బోసి చెవులతో ముందు వరసలో కూర్చుంటే నేను ప్రసంగము చేయవలసి వచ్చింది.

కొరింథీ వారు కూడా పాట బాకీదారులే, గమనించండి. ఏడాది క్రితమే ఉత్సాహముగా ఒప్పుకున్నారు, ఇవ్వలేదు. వారి పేరు చెప్పి పౌలు మాసిదోనియలో ఎంతో అతిశయించాడు. అక్కడి నిరుపేదలు అది విని, తమ శక్తికి మించి ఇచ్చేశారు! ఆయన వారికి మొదటి పత్రికలోనే ఆదివారము ఆదివారము కొంత తీసి పెట్టుకోండి, నేను వచ్చిన తరువాత పోగుచేయడము వద్దు అన్నాడు. అంటే ముందే. ఫిత్రా ఇచ్చేవారికి తెలిసిన "ముందే". డబ్బు మోసుకుపోవడానికి కూడా తానొక్కడే పూనుకోలేదు. తీతును, సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట పెట్టుకున్నాడు, ఎవరూ వేలెత్తి చూపకుండునట్లు. అపొస్తలుడే లెక్కకు సాక్షులను పెట్టుకుంటే, మన కమిటీలు రసీదు పుస్తకము అడిగితే నొచ్చుకోవడము ఏమి న్యాయము? 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన దోర్నకల్ అజరయ్య గారు క్రైస్తవుల ఈవి మీద ఒక పుస్తకమే రాశారు. ఆయన మేత్రాసనములో ఉన్నవారు ఎక్కువగా కూలినాలి చేసుకొనే వారే.

మన తెలుగు సంఘములలో తల్లులు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేస్తారు. అది కూడా ముందే. వండగా మిగిలినది కాదు. కోతపండుగ వేలములో నేను ఎక్కువ గౌరవించేది ఆ బియ్యపు మూటనే. దాని మీద పంతము పట్టేవారు ఎవరూ ఉండరు.

ఇప్పుడు మా దగ్గర పాట ముగియగానే బల్ల మీద పైకము పెట్టి, రసీదు తీసుకొని, ఆ తరువాతనే వస్తువు ముట్టుకోవాలి. తెచ్చినవారి పేరు ముందు చదువుతాము. పాటలు చిన్నవయ్యాయి, మొత్తము తగ్గింది. కొందరు పెద్దలు అలిగారు కూడా. ఆ ముసలమ్మ మాత్రము మరుసటి ఏడు రాలేదు, అందుకు కారకుడను నేనే.

కాబట్టి సహోదరీ, మీ అంగళ్లు పెట్టుకోండి, గారెలు బాగా చేయండి. కాని ఈ ఆదివారమే మీ సెక్రటరీ గారిని కలిసి, నిరుటి కోతపండుగ పాట బాకీలు ఎంత మిగిలాయో, ఫీజు కట్టిన రసీదులు ఎక్కడ ఉన్నాయో అడగండి. ఆయన ఏమన్నారో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.