రేకు మందము ఎవరు నిర్ణయించవలె?

వరంగల్లులో ఆజంజాహీ మిల్లు 1934లో ఏర్పడినది. నూలుకు గంజి పెట్టి ఆరబెట్టుటకు, అద్దకానికి బట్టల మిల్లుకు ఆవిరి కావలె. ఆవిరి కోసం బాయిలరు ఉండవలె. బాయిలరు అనగా అన్ని వైపుల మూసిన ఉక్కు పాత్రయే. మరి దాని రేకు మందము నిర్ణయించే అధికారం ఎవరిది? కొన్నవారిదా, చేసినవారిదా, ప్రభుత్వానిదా?

ఈ ప్రశ్న ఎందుకు పుట్టినదో తెలియాలంటే కొంచెం లెక్క చూడవలె. వాతావరణ పీడనానికి 10 రెట్ల పీడనంలో నీరు సుమారు 180 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. రేకు చీలినదో, పీడనం ఒక్కసారిగా పడిపోయి, ప్రతి 100 కిలోల నీటిలో సుమారు 15 కిలోలు క్షణంలో ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి 25 ఘన మీటర్లు, అంటే ఒక చిన్న గది నిండా ఉంటుంది. అసలు ప్రమాదం ఆవిరిలో కంటె నీటిలోనే దాగియున్నదన్నమాట. రేకులోని ఒత్తిడి పాత్ర వ్యాసంతోపాటు పెరుగుతుంది; వ్యాసం రెట్టింపైతే మందము కూడా రెట్టింపు కావలె.

1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి పలువురు మరణించారు. మరుసటి ఏడే బెంగాలులో తనిఖీ చట్టం వచ్చినది. ఇతర రాష్ట్రాలు తమ తమ చట్టాలు చేసుకొన్నవి. అవి ఒకదానితో ఒకటి పొసగలేదు. వాటన్నిటి స్థానంలో 1923లో భారత బాయిలర్ల చట్టం చేసి, 1924 నుండి అమలు చేశారు. అయితే అది బ్రిటిషు ఇండియాకే పరిమితం. బెజవాడ దాని పరిధిలోనిది. నైజాం రాజ్యంలోని వరంగల్లు కాదు. మిల్లు ప్రారంభించిన నాటికి ఇదీ పరిస్థితి.

1950 నాటి నిబంధనలలో నాకు ముఖ్యమని తోచేది ఒకటున్నది. పాత్ర తయారైన తరువాత చూచుట చాలదు. రేకు కోయకముందే డ్రాయింగు ఆమోదం పొందవలె. అమెరికాలో కొన్ని తరగతుల పాత్రలకు లైసెన్సుగల ఇంజనీరు ధ్రువీకరించిన లెక్కలు కావలె. మన బాయిలర్లకు ప్రైవేటు ఇంజనీరు సంతకం ఒక్కటే చాలదు. బాయిలర్ల శాఖ గాని, గుర్తింపు పొందిన తనిఖీ సంస్థ గాని ఒప్పుకోవలె. 2025లో 1923 చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చినది.

"మా ఇంటి కుక్కరుకూ అనుమతి కావాలా?" అని విద్యార్థులు అడుగుతారు. అక్కరలేదు. 25 లీటర్లకు తక్కువ పట్టే పాత్రలు ఈ చట్టంలోకి రావు. నిప్పుతో పనిలేని గ్యాసు ట్యాంకుల సంగతి వేరు. 1000 లీటర్లు మించినవాటి డిజైను నాగపూరులోని పేలుడు పదార్థాల ప్రధాన నియంత్రణాధికారి కార్యాలయానికి పోవలె.