పాతర అంటే పూడ్చిపెట్టుడు కాదు, దాచిపెట్టుడు

పేపర్ల ‘నిబంధనలకు పాతర’ అని రాస్తే మనం ఇంకేం ఆలోచించకుండ చదువుతం. అసలు పాతర అంటే గింజను కాపాడే గుంత. మంచి మాట చెడ్డ అర్థంలకు పోయింది. ఆ పని మర్చిపోయినం కాబట్టే మాట కూడ పాడైందని నా అనుమానం.

మన తాతలు ఎత్తు జాగ చూసి గుంత తవ్వేటోళ్లు. అడుగున, చుట్టూ గడ్డి పరిచి, ఎండిన జొన్నలు పోసి, పైన మట్టితో గాలి పోకుండ మూసేటోళ్లు. లోపల ఉన్న గాలిని గింజ, పురుగు కలిసి వాడుకుంటయి. గాలి అయిపోంగనే పురుగు చస్తది, గింజ నిలుస్తది. అందుకే పాతర తీసినంక వెంటనే లోపలికి దిగొద్దు అనేటోళ్లు, దిగితే మనిషికీ ఊపిరాడదు. ఇయ్యాల గాలి చొరబడని సంచులు అమ్ముతున్నరు చూడుండ్రి, వాటి సూత్రం గూడ గిదే. ఇంట్ల వాడకానికి వెదురు గుమ్మి, దానికి పేడ, మట్టి పూత, గింజల నడుమ వేపాకు.

మరి సర్కారు ఎప్పుడొచ్చింది? 1956ల గిడ్డంగుల చట్టం వచ్చింది, మరుసటేడు కేంద్ర గిడ్డంగుల సంస్థ పెట్టిండ్రు. 1965ల భారత ఆహార సంస్థ, అదే మనం ఎఫ్‌సీఐ అనేది, మొదలైంది. అప్పుడు దేశంల తిండికి కటకట. అమెరికా గోధుమలు ఓడలల్ల వచ్చేటియి. లాల్ బహదూర్ శాస్త్రి వారానికో పూట తిండి మానుమని జనాన్ని అడిగిండు. గింజ దాచుడు ఎట్లనో పరిశోధించే కేంద్రం ఉత్తరప్రదేశ్‌ల హాపూర్‌ల ఉంది, దాని శాఖ మన హైదరాబాద్‌లనే ఉంది. కాజీపేట జంక్షన్ల వ్యాగన్లు చూసినప్పుడల్ల నాకు ఈ కథే యాదికొస్తది. కరువు చూసిన దేశం ఇయ్యాల బియ్యం బయటికి పంపుతున్నది.

అయినా నష్టం ఆగలే. లుధియానాల ఉన్న కేంద్ర పరిశోధన సంస్థ 2015ల లెక్క తీసింది. కోత నుంచి నిల్వ దాకా ధాన్యాలల్ల 4.65 నుంచి 5.99 శాతం, టమాటల 12.44 శాతం పోతున్నయని తేలింది. అంటే వంద బస్తాలల్ల అయిదు బస్తాలు. పోయిన యాసంగిల నా వడ్లు కల్లంలనే తడిసి మొలకలొచ్చినయి. పరదా కప్పడంల ఒక రాత్రి ఆలస్యం చేసిన, తప్పు నాదే. ఎరువులు, కూలీలు, నీళ్లు, కరెంటు, అన్నీ ఆ గింజల్లనే పోయినయి.

కాబట్టి మనకున్న దారులు తెలుసుకుందాం. కొనుగోలుకు వడ్ల తేమ 17 శాతం దాటొద్దు. ఇంట్ల ఎక్కువ రోజులు దాచాలంటే ఇంకా ఆరబెట్టాలె. రేటు లేనప్పుడు తొందరపడి అమ్మకుండ మార్కెట్ గోదాంల పెట్టి, సరుకు మీద అప్పు తీసుకోవచ్చు. దాని పేరు రైతుబంధు పథకం (పెట్టుబడి సాయం ఇచ్చింది వేరు). ఏనుమాముల మార్కెట్ ఆఫీసుల అడుగుండ్రి. 2007 గిడ్డంగుల చట్టం కింద రిజిస్టరైన గోదాం రసీదు మీద బ్యాంకులు గూడ అప్పు ఇస్తయి.

కూరగాయలు కుళ్లినా దారి ఉంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్ల కూరగాయల చెత్తతో గ్యాస్, కరెంటు తీస్తున్నరు. ఇగ పెండ్లిళ్లల్ల మిగిలిన అన్నం సంగతి: దాన్ని జాగ్రత్తగ పంచడానికి 2019ల నిబంధనలు వచ్చినయి. వండినోళ్లు, పంచేటోళ్లు శుభ్రంగ, టైముకు అందియ్యాలె.

గింజను పండిచ్చుడు సగం పనే, నిలుపుడు మిగతా సగం. మీ ఊర్ల పాతర వేసిన పెద్దమనుషులు ఇంకా ఉంటే, వాళ్లు చెప్పే ముచ్చట ఇయ్యాలనే రాసిపెట్టుకోండ్రి.