కాపరిని కోరుకొను హక్కు

స్కాట్లండు దేశపు పల్లెలలో బోధకుడొకడు గతించినప్పుడుగాని, వేఱొక చోటికి తరలిపోయినప్పుడుగాని, పొరుగూరి బోధకుడు ఆదివారమునాడు వచ్చి, ఈ దేవాలయము కాపరి లేనిదైనదని ప్రసంగవేదికపైనుండి చాటుట ఆచారము. ఆ మాట చెవినిబడిన నాటినుండి ఆ యూరివారికి వేఱు ప్రసంగము తోచదు. రాబోవువాడెవడు? వాని బోధ చదివి వినిపించునదా, హృదయమునుండి వెడలునదా? మంచము పట్టిన ముసలివాని గడప త్రొక్కునా, లేక జమీందారు భోజనపు బల్లయొద్దనే ప్రొద్దుపుచ్చునా? ఇవి చిన్న ప్రశ్నలు. కాని వీని వెనుక పెద్ద ప్రశ్న యొకటి నిలిచియున్నది. ఆ బోధకుని ఎంచువారెవరు? ఊరివారా, ఊరి భూమికి యజమానియైన ప్రభువా? ఈ యొక్క ప్రశ్నకై స్కాట్లండు ప్రజలు నూట యేబది యేండ్లకు పైగా వాదులాడిరి, న్యాయస్థానముల మెట్లెక్కిరి, తుదకు తమ సంఘమునే రెండుగా చీల్చుకొనిరి.

బోధకు డనగా ఆదివారమునాడు మాత్రమే కనబడువాడని మనము తలపరాదు. 1560 లో జరిగిన మతసంస్కరణమునకు పిమ్మట స్కాట్లండునందు సంఘపాలనము ప్రెస్బిటేరియను పద్ధతిని నడచెను. ఊరి బోధకుడును, సంఘపు పెద్దలును కూడి ఒక సభగా ఏర్పడి, తప్పుచేసినవారిని విచారించుచు, బీదల పోషణము చూచుచు, పాఠశాల బాగోగులు విచారించుచుండిరి. బీదల పోషణమునకు వేఱుగా చట్టమేర్పడినది 1845 లోనే. అంతవఱకు అనాథయైన విధవ చేయిచాచవలసినది ఈ సభ యెదుటనే. 1791 మొదలు 1799 వఱకు సర్ జాన్ సింక్లెయిరు 21 సంపుటములుగా ప్రకటించిన స్కాట్లండు దేశ వివరణమును వ్రాసినది చాలవఱకు ఈ పల్లె బోధకులే. తమ ఊరి పంటలు, కూలిరేట్లు, జననమరణములు, చేపలవేట, రోగములు, అన్నియు వారు లెక్కించి పంపిరి. ఇట్టి యుద్యోగమునకు భృతియు స్థిరముగానే యుండెను. భూమి ఫలసాయములోని దశమభాగమునుండి జీతము, కాపురముండుటకు ఇల్లు, సాగు చేసికొనుటకు కొంత మాన్యము. కాబట్టి ఆ యుద్యోగమునకు మనుష్యుని ఎంచు హక్కునకు గొప్ప విలువ యుండెను; గొప్పవారి కన్నును దానిపై నుండెను.

సంస్కర్తలు తమ మొదటి శాసనగ్రంథముననే, బోధకుని ఎన్నుకొనుట ప్రతి సంఘముయొక్క పనియని నిర్ణయించిరి. అయినను కాగితముమీది నిర్ణయము వేఱు, ఆచరణము వేఱు. తరతరములుగా వచ్చిన ప్రభువుల హక్కు పలుమారులు పోయి, పలుమారులు తిరిగివచ్చెను. 1690 లో దానిని తీసివైచి, భూస్వాములును సంఘపు పెద్దలును ఒకనిని సూచింపవలెననియు, ఊరివారు అంగీకరింపవలెననియు ఏర్పఱచిరి. 1707 లో స్కాట్లండు ఇంగ్లండుతో ఏకమైనప్పుడు, సంఘవ్యవస్థను మార్పకుండ కాపాడుదుమని మాట యిచ్చిరి. ఆ మాట యిచ్చిన అయిదేండ్లకే, 1712 లో, లండనులోని పార్లమెంటు ప్రభువుల హక్కును తిరిగి నిలిపెను. ఆ సభలో స్కాట్లండు ప్రతినిధులు 45 మంది మాత్రమే. ఇది ఒప్పందభంగమని స్కాట్లండువారు మొఱపెట్టిరి, వినినవారు లేరు.

చట్టము ప్రకారము, కాపరి లేనిదైన ఊరికి ప్రభువు ఆఱుమాసములలో ఒకనిని చూపవలెను. చూపనియెడల ఆ హక్కు ప్రెస్బిటరీ అనబడు ప్రాంతీయ సభకు పోవును. ఊరివారు సంతకములు చేసి యిచ్చు ‘పిలుపు’ అను పత్రము మాత్రము పూర్వమువలెనే నిలిచెను. కాని ఆ పత్రమున ఎందఱు సంతకము చేసిన చాలునో చట్టము చెప్పలేదు. మూడువందలమంది చేసినను పిలుపే, ముగ్గురు చేసినను పిలుపే. పెండ్లికొడుకును తండ్రి నిర్ణయించి, ముహూర్తమువేళ మాత్రము పిల్లను సమ్మతమా యని యడుగు చందమున నుండెను ఈ యేర్పాటు.

పిల్ల కాదన్నప్పు డేమి జరుగును? పదునెనిమిదవ శతాబ్దమున అనేక గ్రామములలో అదియే జరిగెను. తలుపులకు మేకులు కొట్టిరి, బురద విసరిరి. స్థానిక బోధకులు ఇష్టములేని వానిని నిలుపుటకు వెనుదీయగా, పరగ్రామములనుండి గుఱ్ఱములపై వచ్చిన బోధకుల సంఘములు, ఒక్కొక్కచోట సిపాయిలను వెంటబెట్టుకొని, ఆ పని నిర్వహించిపోయెడివి. జాన్ గాల్టు 1821 లో ప్రకటించిన ‘ఆనల్స్ ఆఫ్ ది పారిష్’ అను నవలలో, క్రొత్త బోధకుడు కిటికీ గుండ దేవాలయము ప్రవేశించుట చదివి మనము నవ్వుదుము. అది కల్పనయే యైనను గాలిలోనుండి పుట్టిన కల్పన గాదు.

ఇచ్చట నొక్క మాట నిష్పక్షపాతముగా చెప్పవలసియున్నది. ప్రభువులు నియమించిన వారందఱును అయోగ్యులు కారు. 1737 లో అబర్డీనులోని కింగ్స్ కళాశాలవారు తమకుగల హక్కుచేత న్యూ మాకర్ అను గ్రామమునకు థామస్ రీడ్ అను యువకుని నియమించిరి. ఊరివారు మండిపడిరి. అతడు ప్రసంగించుచుండగా అతని పినతండ్రి కత్తిదూసి వేదిక మెట్లయొద్ద కావలి నిలిచెనని చెప్పుదురు. ఆ రీడే తరువాత యూరపు ఖండమంతట పేరుగన్న తత్త్వవేత్త యయ్యెను. 1751 లో అతడు ఊరు విడిచి కళాశాలకు పోవునప్పుడు, వచ్చిననాడు అతనితో పోరాడితిమి, పోవునాడు అతనికై పోరాడియుందుము, అని ఆ ఊరివారే అనుకొనిరట! భారతదేశమును కన్నులార చూడకయే, ప్రాచీనులకు ఈ దేశమునుగూర్చి తెలిసిన దెంతయో 1791 లో ఒక గ్రంథము వ్రాసిన విలియం రాబర్ట్‌సను పండితుడును ఈ నియామకపద్ధతిని సమర్థించిన పక్షమునకే నాయకుడు. ప్రజలు ఎన్నుకొన్నచో గొంతు గలవాడే నెగ్గును, విద్య గలవాడు నెగ్గడు, అని వారి వాదము. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని రోగికి మంచి వైద్యుని చూపుట వేఱు, చేతులు కట్టి మందు పోయుట వేఱు. ఇష్టపడనివారు ఊరక కూర్చుండలేదు. 1733 లో ఎబినీజర్ ఎర్‌స్కిను ననుసరించి కొందఱును, 1761 లో థామస్ గిలెస్పీ ననుసరించి మఱికొందఱును వేఱై తమ సంఘములను తామే పోషించుకొనసాగిరి.

పందొమ్మిదవ శతాబ్దమున సంస్కరణపక్షము బలపడెను. 1834 లో సంఘపు మహాసభ ఒక నిబంధన చేసెను. సంఘమునందలి కుటుంబ యజమానులలో అధికసంఖ్యాకులు వలదన్నచో, ప్రభువు చూపిన వానిని ప్రెస్బిటరీ త్రోసిపుచ్చవలెను. వారు కారణములు చెప్ప నక్కఱలేదు. కుటుంబ యజమాను లనగా పురుషులే. దేవాలయమునకు తప్పక వచ్చువారిలో స్త్రీ లెందఱో యున్నను ఈ స్వాతంత్ర్యపు లెక్కలో వారికి చోటు లేకపోయెను. ప్రజల హక్కని ఎలుగెత్తి చాటినవారికి ఈ కొఱత కనబడకపోవుట విచిత్రమే.

ఆ సంవత్సరముననే నిబంధనకు పరీక్ష వచ్చెను. పర్తు మండలములోని ఆక్టరార్డరు అను గ్రామమునకు కిన్నూలు ప్రభువు రాబర్ట్ యంగు అను నతనిని చూపెను. అతడు వచ్చి ప్రసంగించెను. పిలుపు పత్రమును బల్లపై పఱచిరి. ప్రభువు కార్యస్థునిగాక, ఊరివారిలో ఇద్దఱే ముందునకు వచ్చి సంతకము చేసిరి. పిమ్మట వలదను వారిని పిలువగా, పట్టికలోని 330 మంది కుటుంబ యజమానులలో 287 మంది తమ నిరాకరణమును తెలిపిరి. ప్రెస్బిటరీ యంగును త్రోసిపుచ్చెను. ప్రభువును, యంగును న్యాయస్థానమున కెక్కిరి. 1838 లో కోర్టు ఆఫ్ సెషనులో పదుముగ్గురు న్యాయాధిపతులు కూర్చుండి, ఎనమండుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపునై, ప్రభువు పక్షమున తీర్పుచెప్పిరి. 1839 లో లండనులోని ప్రభువుల సభయు దానినే స్థిరపఱచెను. ఆక్టరార్డరులో యంగు మంచి బోధకుడా కాడా యనునది అప్పటికి ఎవరికిని పట్టలేదు. ఆత్మసంబంధమైన కార్యమున లౌకిక న్యాయస్థానము సంఘమును శాసింపగలదా యనునదే తగవైనది.

మార్నక్ అను గ్రామము కథ ఇంతకన్న కఠినము. అచ్చటికి చూపబడిన జాన్ ఎడ్వర్డ్సు క్రొత్తవాడు కాడు. పూర్వపు బోధకునికి సహాయుడుగా నుండి, ఊరివారి కోరికపై తొలగింపబడినవాడు. అతని పిలుపుపై సంతకము చేసిన సంఘసభ్యు డొక్కడే. అతడు ఆ యూరి పూటకూళ్ల యింటి యజమాని. మూడువందల కుటుంబ యజమానులలో 261 మంది వలదనిరి. అయినను న్యాయస్థానపు ఆజ్ఞను శిరసావహించి, మహాసభ ఆజ్ఞను త్రోసిరాజని, స్ట్రాత్‌బోగీ ప్రెస్బిటరీలోని ఏడుగురు బోధకులు అతనిని నిలుపుటకు నిశ్చయించిరి. అది 1841 జనవరి 21 వ తేది. నేల మంచుతో గప్పబడియుండెను. చుట్టుప్రక్కల గ్రామములనుండి గూడ జనులు వచ్చి దేవాలయము నిండిరి. ఊరివారి పక్షమున, మీ రెవరి యధికారముచేత వచ్చితిరని ప్రశ్నించిరి. సరియైన సమాధానము రాలేదు. అప్పుడు మార్నక్ సంఘమువారు తమ ఆసనములయందలి బైబిలు గ్రంథములను చేతబట్టుకొని, లేచి, ఎవరిని ఒక్కమాట యనక, తమ తాతలు కూర్చుండిన ఆ స్థలమును విడిచి మంచులోనికి నడచిపోయిరి. ముసలివారు కన్నీరు పెట్టుకొనిరి. మిగిలిన పరాయివారు చేసిన అల్లరి నణచుటకు అధికారిని పిలువవలసివచ్చెను. పిమ్మట ఎడ్వర్డ్సు, తన్ను కోరని ఊరికి కాపరి యయ్యెను. కాపరి గలడు, మంద లేదు. వెడలిపోయినవారు తమ సొమ్ముతో వేఱు దేవాలయము కట్టుకొనిరి.

ఈ వార్త దేశమంతట ప్రాకెను. పార్లమెంటు కనికరింపదయ్యె. 1843 మే 18 వ తేదిని ఎడింబరోలోని సెయింట్ ఆండ్రూసు దేవాలయమున మహాసభ కూడినప్పుడు, పూర్వాధ్యక్షుడు డేవిడ్ వెల్ష్ నిరసన పత్రము చదివి, దానిని బల్లపై నుంచి, బయటికి నడచెను. థామస్ చామర్స్ మున్నగువారు వెంట నడచిరి. టాన్‌ఫీల్డు శాలలో కూడి వారు ఫ్రీ చర్చి అను స్వతంత్ర సంఘమును స్థాపించిరి. సుమారు 1,200 మంది బోధకులలో 474 మంది జీతములు, ఇండ్లు, మాన్యములు విడిచిరి. ఆ వేసవిలో ఎన్ని బోధకుల కుటుంబములు సామానులు బండ్లకెత్తుకొని, ఇల్లాండ్రు చంటిబిడ్డల నెత్తుకొని, ఇల్లెచ్చట దొరకునో తెలియక బయలుదేఱినవో! చరిత్రకారులు పురుషుల సంతకములను లెక్కించిరి. ఆ గృహిణుల ధైర్యమును లెక్కించినవారు తక్కువ.

భూమి ప్రభువులదే గనుక క్రొత్త సంఘమునకు దేవాలయము కట్టుటకు స్థలము దొరకుట కష్టమయ్యెను. పడమటి తీరమున స్ట్రాంషియను గ్రామమువారు స్థలము దొరకక, 1846 లో ఇనుముతో తేలియాడు దేవాలయమును చేయించి, సునార్టు జలశాఖలో లంగరు వేయించిరి. నేల జమీందారుది, నీరు ఎవరిది? పడవలలో పోయి ఆరాధించి వచ్చుచుండిరి. బీద గ్రామముల బోధకులకును జీతము ముట్టునట్లు చామర్సు ఏర్పఱచిన ఉమ్మడి నిధికి సామాన్యులు వారమున కొక పెన్నీ చొప్పున ఇచ్చిరి.

ఇంతటి త్యాగము చేసినవారును మచ్చలేనివారు కారు. అమెరికాలోని బానిసల యజమానులు పంపిన ధనమును ఈ స్వతంత్ర సంఘము పుచ్చుకొనెను. స్వయముగా బానిసత్వమునుండి తప్పించుకొనివచ్చిన ఫ్రెడరిక్ డగ్లసు 1846 లో స్కాట్లండు పట్టణములలో తిరిగి, ఆ సొమ్మును వెనుకకు పంపుడని ఘోషించెను. పంపలేదు. తమ మెడనుండి కాడిని త్రోసినవారు ఇతరుల మెడమీది కాడిని చూడలేకపోయిరి.

ఈ చీలిక అల మన దేశపు తీరమును తాకెను. భారతదేశమునందలి స్కాట్లండు సంఘపు మిషనరీలు, కలకత్తాలో అలెగ్జాండరు డఫ్, మద్రాసులో జాన్ ఆండర్సను మొదలగువారందఱు, స్వతంత్ర సంఘమునే చేరిరి. 1837 లో ఆండర్సను మద్రాసులో ప్రారంభించిన పాఠశాల ఆ పక్షమున నిలిచి, 1862 లో వచ్చిన విలియం మిల్లరు కృషివలన మద్రాసు క్రిస్టియన్ కళాశాలగా వృద్ధిపొందెను. తెలుగు జిల్లాలనుండి పోయిన మన తాతలలో నెందఱో అచ్చట చదివిరి. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడును అచ్చటి విద్యార్థియే. ఆ పాఠశాలలో పంచమబాలురను చేర్చుకొన్నప్పుడు అగ్రవర్ణములవారు తమ పిల్లలను మాన్పించిరి. ఆండర్సను చలింపలేదు.

1874 లో పార్లమెంటు ప్రభువుల నియామక హక్కును రద్దుచేసి, ఎన్నిక సంఘమునకే యిచ్చెను. నలుబది యేండ్లు ముందుగా ఈ పని చేసియున్నచో చీలికయే లేకపోయియుండును. చీలినవారిలో చాలమంది 1929 లో తిరిగి కలిసిరి. 1968 నుండి స్త్రీలకును బోధకపదవి లభించుచున్నది.

ఇప్పుడు కాపరి లేనిదైన ఊరివారు తమలోనుండి ఒక అన్వేషణ సంఘమును ఎన్నుకొందురు. ఆ సంఘమువారు అభ్యర్థుల బోధ విని, వారితో మాటలాడి, ఒక్కరిని సూచింతురు. ఆ యొక్కరు వచ్చి ప్రసంగించిన పిమ్మట సంఘమంతయు రహస్యముగా చీట్లు వేయును. అంగీకారమైనచో పిలుపు పత్రమును పఱతురు. సంతకము చేయువారికి స్త్రీపురుష భేదము లేదు. తాతలు కోరినదంతయు చేతికి వచ్చినది. కాని పిలుచుటకు బోధకులు చాలరు. పిలుచుటకు అనుమతి కావలెనన్న ముందుగా ప్రెస్బిటరీ ఆలోచింపవలెను. రెండు మూడు ఊళ్లను కలిపి ఒక్కరికి ఒప్పగించుచున్నారు; కొన్ని దేవాలయములను అమ్మివైచుచున్నారు. అన్వేషణ సంఘము ప్రకటన చేసి మాసములు కాచుకొనినను, ఒక్క దరఖాస్తయినను రాని గ్రామములు కలవు. అట్టి చోట్ల ఆదివారమునాడు గంట మ్రోగిన పిమ్మట, సంఘపు పెద్దలలో నొకరు, పలుచోట్ల నొక స్త్రీయే, లేచి వాక్యము చదివి ప్రార్థన నడపుచున్నారు.