హిమాయత్ సాగర్‌కు పేరిచ్చిన షెహజాదా: ఆజం జాకు గద్దీ ఎందుకు దక్కలేదు?

హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్ పేరు వినపడని రోజుండదు. వానలు గట్టిగా పడితే హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారా లేదా అని అందరూ ఆరా తీస్తారు. ఆ హిమాయత్ ఎవరంటే మాత్రం చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆయన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకు మీర్ హిమాయత్ అలీ ఖాన్, బిరుదు ఆజం జా. గండిపేట చెరువు ఉస్మాన్ సాగర్‌కు తండ్రి పేరు, దాని జంట చెరువుకు కొడుకు పేరు. చెరువుల్లో కుదిరిన ఈ వరుస గద్దీ దగ్గర కుదరలేదు. 1967 ఫిబ్రవరి 24న ఏడో నిజాం ఇంతెకాల్ అయ్యేనాటికి ఆజం జా వయసు 60 ఏళ్లు. ఆయన బతికుండగానే ఆయన కొడుకు ముకర్రం జా ఎనిమిదో నిజాం అయ్యారు.

ఆజం జా 1907లో పుట్టారు. తండ్రి 1911లో గద్దీ ఎక్కాక ఆయనే వలీఅహద్. 1931 నవంబర్‌లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో చివరి ఉస్మానీ ఖలీఫా అబ్దుల్ మజీద్ ఏకైక కూతురు దుర్రె షెహవార్‌తో నికా జరిగింది. తమ్ముడు మొఅజ్జం జా నికా కూడా అదే రోజు, ఖలీఫా ఖాందాన్‌కే చెందిన నీలోఫర్‌తో. 1924లో ఖిలాఫత్ రద్దయి దేశం విడిచిన ఖలీఫాకు నిజాం అప్పటికే నెలనెలా పెన్షన్ పంపుతున్నారు. ఈ సంబంధం కుదర్చడంలో మౌలానా షౌకత్ అలీ పాత్ర ఉంది. 1933లో నీస్‌లోనే ముకర్రం జా పుట్టారు.

1936లో బ్రిటిష్ వాళ్లతో కుదిరిన ఒప్పందంతో నిజాం వలీఅహద్‌కు ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ అనే బిరుదు వచ్చింది. బేరార్ అంటే అమరావతి, అకోలా, యవత్‌మాల్ వైపు పత్తి నేల. పేరుకే అది నిజాందిగానీ 1853 నుంచీ పాలన అంతా ఇంగ్లీషు వాళ్లదే. అంటే షెహజాదాకు దక్కింది నేల లేని బిరుదు. హైదరాబాద్ సైన్యానికి ఆయన్ను సర్వసేనానిని చేశారు. ఉండటానికి బెల్లా విస్టా ప్యాలెస్ ఇచ్చారు. ఇప్పుడు అందులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది.

తండ్రీకొడుకుల మధ్య పేచీ ఖర్చుల దగ్గరే ఎక్కువైంది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరున్నా తండ్రి మహా పొదుపరి. కొడుకుది విలాసమైన చేయి. అప్పులు పెరిగాయి, అవి తీర్చే భారం మళ్లీ తండ్రి మీదే పడింది. 1948లో రియాసత్ పోయాక మిగిలింది బిరుదు, భరణం, ఆస్తులే. వాటిని నిలబెట్టడం ఈ కొడుకు వల్ల కాదని నిజాం తేల్చుకున్నారు. 1954లో మనవడు ముకర్రం జాను వారసుడిగా ప్రకటించారు.

అప్పటికి తండ్రి మాట ఒక్కటే చాలేది కాదు. రాజ్యాంగంలోని 366వ అధికరణం 22వ క్లాజు ప్రకారం రాష్ట్రపతి గుర్తించిన వ్యక్తే ‘పాలకుడు’. ఢిల్లీ కూడా ముకర్రం జానే గుర్తించింది. 1967 ఏప్రిల్ 6న చౌమహల్లాలో ఆయన గద్దీనషీనీ జరిగింది.

ఆసఫ్‌జాహీల్లో పెద్ద కొడుక్కే గద్దీ అన్న గట్టి నియమం మొదటినుంచీ లేదు. 1748లో మొదటి నిజాం పోయినప్పుడు పెద్ద కొడుకు గాజీఉద్దీన్ ఖాన్ ఢిల్లీలో ఉన్నారు. గద్దీ మీద తమ్ముడు నాసిర్ జంగ్ కూర్చున్నారు. ఆ తర్వాత కూతురి కొడుకు ముజఫ్ఫర్ జంగ్ వంతు వచ్చింది. 1752లో గాజీఉద్దీన్ తన హక్కు కోసం దక్కన్ వచ్చి, ఔరంగాబాద్‌లోనే ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయనతో పోలిస్తే ఆజం జా కథలో కత్తీ లేదు, విషమూ లేదు. ఉన్నదల్లా కాగితమే.

ఈ సంగతి వినగానే చాలా ఇళ్లల్లో ఒక ప్రశ్న వస్తుంది: కొడుకు ఉండగా మనవడికి వారసత్వం ఎలా వస్తుంది? సున్నీ ఫిఖ్‌లో విరాసత్ లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కొడుకు బతికుంటే ఆ కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. కొడుకును ‘ఆఖ్’ చేశానని తండ్రి పేపర్లో ప్రకటన వేయించినా షరియత్‌లో అతని వాటా పోదు. వసీయత్ మూడో వంతు దాటకూడదు. వారసుడి పేరిట రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. గద్దీ ఈ లెక్కలోకి రాదు, అది హోదా. అందుకే పాలకుడు ఎంచుకోవడం, ప్రభుత్వం గుర్తించడం సరిపోయాయి. ఆస్తి విషయంలో నిజాం పట్టిన దారి వేరు. తాను బతికుండగానే చాలా భాగాన్ని ట్రస్టుల్లో పెట్టేశారు.

ఆజం జా 1970 అక్టోబర్ 9న కన్నుమూశారు. అంతకు నెల ముందే, సెప్టెంబర్ 6న, రాజులందరి గుర్తింపునూ రద్దు చేస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే తండ్రి జనాజా లేచిన రోజున సర్కారు లెక్కలో కొడుకూ నిజాం కాదు. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో బిరుదులు, భరణాలు శాశ్వతంగా పోయాయి.

నగల ట్రస్టు పత్రంలో మాత్రం ఆజం జా పేరు చివరిదాకా అడ్డుగడియలా నిలిచింది. నిజాం, ఆయన పెద్ద కొడుకు ఇద్దరూ పోయాకే ఆ నగలు అమ్మాలన్నది షరతు. వాటిని భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది.