పోచంపల్లి భూమి, సునాదపు బూర



మన నల్గొండ నేలకు వెట్టిచాకిరి కొత్త కాదు. గడీల ముందు కూలి లేని పని, దున్నినవానికి దక్కని భూమి. 1946 నుండి రైతులు తిరగబడ్డారు, అనేకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ నెత్తురు ఆరకముందే, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నడుచుకుంటూ పోచంపల్లికి వచ్చారు. అక్కడి దళితులు తమకు 80 ఎకరాలు కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది.

అది దయనా, న్యాయమా? ఇచ్చినవాని వైపు నుండి చూస్తే దయ. తరతరాలుగా దున్నినవాని వైపు నుండి చూస్తే న్యాయం.

లేవీకాండము 25వ అధ్యాయంలో దేవుడు భూమి తనదే అన్నాడు. యాబదియవ సంవత్సరంలో ఎవరి స్వాస్థ్యం వారికి తిరిగి రావాలి. ఆ సునాద సంవత్సరపు బూర ఏ రోజున ఊదాలో 9వ వచనంలో చూడండి. ప్రాయశ్చిత్తార్థ దినమున! పాపానికి ప్రాయశ్చిత్తం జరిగిన రోజే పొలం తిరిగి ఇవ్వాలని బూర మోగుతుంది. దేవుని దగ్గర దయా న్యాయమూ కలిసే వస్తాయి.

సిలువ దగ్గర కూడా అంతే. దేవుడు పాపాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యలేదు. దాని వెల తానే చెల్లించి మనలను కనికరించాడు.

ఆదివారం క్షమాపణ వేడుకొని, సోమవారం పొలం గట్టు జరపవచ్చునా? కూలివాని పైసలు ఆపవచ్చునా? ఆపిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తోంది. ఎవరికైనా బాకీ ఉంటే ఈ వారమే ఇచ్చివేద్దాం. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.