డిసెంబర్ 2: ఇక్కడ జెండాలు, అక్కడ భోపాల్

ఎపిసోడ్‌లో టైము చాలక సగమే చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

డిసెంబర్ 2 అంటే కల్బాలో మనకు తెలిసింది ఒక్కటే: ఈద్ అల్ ఇత్తిహాద్, సెలవు. కార్నిష్ పొడుగునా జెండాలు. 1971లో ఆ రోజు ఆరు ఎమిరేట్లు కలిసి ఈ దేశమైంది. రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరి 10న చేరింది. ఆ పేర్లలో కల్బా లేదు, షార్జాలో భాగంగా వచ్చింది. కానీ ఇదీ ఒకప్పుడు వేరే రాజ్యమే. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలకు ఆపదొస్తే దిగడానికి ఇక్కడ జాగా కావాలని 1936లో బ్రిటిష్ వాళ్లు గుర్తించారు. 1950ల మొదట్లో మళ్లీ షార్జాలో కలిపేశారు. మన సైట్ ఆఫీసు లాగే, అవసరం తీరాక ఎత్తేశారన్నమాట.

ఇదే తారీఖున, 1949లో, మనుషుల అక్రమ రవాణాను ఆపే ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. అందుకే ఇది బానిసత్వ నిర్మూలన దినం కూడా. నేను ముందు చేసిన ఒక కంపెనీలో మా పాస్‌పోర్టులు ఆఫీసు లాకర్లోనే ఉండేవి. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ఇక్కడి లేబర్ చట్టం ప్రకారం కంపెనీ మన పత్రాలు దగ్గర పెట్టుకోకూడదు. కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోండి.

ఇక మన దేశంలో ఈ తారీఖు అంటే భోపాల్. 1984 డిసెంబర్ 2, ఆదివారం రాత్రి. యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీలో 610 నంబరు ట్యాంకులోకి నీళ్లు చేరాయి. లోపల మిథైల్ ఐసోసయనేట్, నీళ్లు తగిలితే మరిగిపోయే సరుకు. దాన్ని చల్లగా ఉంచే మిషన్ నెలల కిందటే బంద్ చేశారు. గ్యాస్‌ను కాల్చేసే ఫ్లేర్ టవర్‌కు తుప్పు పట్టిన పైపు ముక్క తీసేసి, కొత్తది బిగించలేదు. స్క్రబ్బర్ స్టాండ్‌బైలో ఉంది. నీళ్లు కొట్టి చూస్తే ధార పైదాకా అందలేదు. అర్ధరాత్రి దాటాక సుమారు 40 టన్నుల గ్యాస్ నిద్రపోతున్న బస్తీల మీద పడింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వ లెక్కలోనే 3,787 మంది పోయారు. బాధితుల సంఘాలు దానికి ఎన్నో రెట్లు అంటాయి. ఆ రోజునే మన దేశంలో కాలుష్య నియంత్రణ దినంగా పాటిస్తారు.

నాకు ఎక్కువ తగిలేది ఆ బంద్ పెట్టిన మిషన్ల సంగతే. ఒక్కటి పని చేయకపోతే ఇంకోటి కాపాడాలని అన్నీ పెట్టారు, ఆ రాత్రికి ఒక్కటీ అక్కరకు రాలేదు. సెలవుల ముందు రోజు మా సైటులో నేను రాసే లిస్టులో ఫైర్ పంపు, గ్యాస్ సిలిండర్ల వాల్వులు, ఎమర్జెన్సీ లైట్లు ఉంటాయి. పక్కన ఇంకో కాలమ్ ఉంటుంది: రిపేరుకు తీసినవి ఏవి, తిరిగి బిగించింది ఎవరు, సంతకం.